నిజామియా వేధశాల - నక్షత్రసమీకరణములు

క్రీ. శ. 1901వ సంవత్సరమున హైదరాబాదు పాతనగరమందలి ఫిసల్‌బండలో నవాబు జాఫర్ జంగు స్వద్రవ్యముతో వేధశాలను నెలకొల్పెను. 15 అంగుళముల గ్రబ్ దూరదర్శిని దానికి ప్రధానయంత్రము. 1907లో నవాబు మరణింపఁగా, 1908లో నిజాము ప్రభుత్వము వేధశాలను స్వీకరించెను. పిమ్మట నది బేగంపేటకుఁ దరలింపఁబడెను. ఈ సంస్థకు శాశ్వతకీర్తి దూరదర్శినివలనఁ గాక సమీకరణసాధనమువలనఁ గలిగినది.

1887లో పారిసున సమావేశమైన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకాశమునంతయు ఛాయాచిత్రములఁ బట్టి కొలువ నిశ్చయించి, దానిని మండలములుగా విభజించి వేధశాలలకుఁ బంచిరి. చిలీదేశపు సాంటియాగోకు నియమితమైన దక్షిణక్రాంతి 17 మొదలు 23 అంశలవఱకుఁ గల మండలము తుదకు హైదరాబాదునకు వచ్చెను.

గాజుపలకపై ఒక మిల్లీమీటరు ఆకాశమున ఒక కలకు సమానము. కాని పలక ఇంచుక తిరిగి యుండవచ్చును, కేంద్రము తొలఁగి యుండవచ్చును, ప్రమాణము స్వల్పముగా భేదింపవచ్చును. కావునఁ గొలిచిన స్థానము యథార్థస్థానము గాదు. ఆక్సుఫర్డు ఆచార్యుఁడగు టర్నరు దీనికి సరళసమీకరణములను బ్రతిపాదించెను. కొలిచిన దూరములు య, ర అనియు, యథార్థదూరము ప అనియు ననుకొన్నచో:

ప − య = క×య + గ×ర + చ

ఇందు క, గ, చ అవ్యక్తములు. రెండవ దిక్కునకు నిట్టివే మఱి మూఁడు. స్థానము ముందే తెలిసిన నక్షత్రములు మూఁడున్నచో ఆఱును సిద్ధించును. అంతకంటె నెక్కువ యున్నచోఁ గనిష్ఠవర్గపద్ధతిచే సాధింపవలెను.

ఈ అవ్యక్తములు మిక్కిలి సూక్ష్మములు. ఉదాహరణమునకు క = 2×10⁻⁴ అనుకొందము. కేంద్రమునుండి 60 మిల్లీమీటర్ల దూరమందలి నక్షత్రమునకు క×య = 1.2×10⁻² కల, అనఁగా 0.72 వికల. ఇది యుపేక్షింపఁదగినది కాదు. మహావీరాచార్యుఁడు దశగుణోత్తరముగా 24 స్థానములకుఁ బేళ్లు పెట్టెను. ఆయన గ్రంథమును పావులూరి మల్లన తెనిఁగించెను. నేఁటి ఘాతలేఖనమున దశగుణోత్తరస్థానక్రమము ఏకస్థానమునకు దిగువకును బొడిగింపఁబడును. వెనుకటి బీజగణితజ్ఞులు అవ్యక్తములను కాలకము, నీలకము మొదలగు వర్ణనామముల తొలియక్షరములచే సూచించిరి. పైని క, గ, చ లును అట్టి సంకేతములే.

1914లో అధ్యక్షుఁడైన పోకాకును, 1918 మొదలు 1944 వఱకు అధ్యక్షుఁడుగా నుండిన టి. పి. భాస్కరనును ఈ కార్యమును నడపిరి. 1917 మొదలు 1946 వఱకు సంపుటములు వెలువడెను. అందలి నక్షత్రములు ఏడున్నర లక్షలకుఁ బైఁబడినవి.

ఆ సంపుటములందు నక్షత్రముల కొలతలే యథాతథముగా ముద్రింపఁబడెను. అందువలననే అమెరికా నౌకాదళ వేధశాలవారు ఇరువదవ శతాబ్ద్యంతమున, శ్రేష్ఠతరమగు ఆధారనక్షత్రములతో, లోకమందలి ఈ పలకలన్నిటి సమీకరణములను మరల సాధింపఁగలిగిరి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలోని ఇరువదియైదు లక్షల నక్షత్రముల గమనమును గణించుటకు ఈ పాతకొలతలు మూలాధారములైనవి. సాధితఫలము కాలక్రమమున మాఱవచ్చును. జాగరూకతతోఁ గొలిచి ముద్రించిన సంఖ్య భావిగణకునకు మరలఁ బనికివచ్చును.