కొల్లేటి వాకిట్లో మావైపు వాన

పండగ ముందు మా అమ్మ సరుకుల చీటీ రాసిస్తే, నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, "ఇది చీటీనా, కొల్లేటి చాంతాడా?" అనేవారు. మాది రెడ్డిగూడెం, మెట్టప్రాంతం. మామిడితోటలకు లోటు లేదుగానీ నీళ్ళకు ఎప్పుడూ కటకటే. అందుకని చిన్నప్పుడు కొల్లేరంటే అంత పొడుగు చాంతాడు పట్టే లోతైన బావి కాబోలనుకునేదాన్ని!

మా మేనత్తను కైకలూరు అవతల లంక ఊరికిచ్చాక అసలు సంగతి తెలిసింది. కొల్లేరు లోతైంది కానేకాదు. వెడల్పాటి పళ్ళెంలా పరుచుకున్న మంచినీటి సరస్సు. కృష్ణా, గోదావరీ వేలయేళ్ళుగా ఒండ్రు తెచ్చి చెరోపక్కా డెల్టాలు పేర్చుకుంటూ పోతే, మధ్యన మిగిలిపోయిన పల్లం అది.

అత్తయ్య వేసవికి పుట్టింటికొచ్చినప్పుడు అమ్మ నిట్టూర్చేది. "మీకేం వదినా, ఇంటిచుట్టూ నీళ్ళే."

"మీవైపు కొండల్లో పడ్డ వానేగా వదినా, మా గుమ్మంలోకొచ్చేది!" అని నవ్వేది అత్తయ్య.

ఆ మాటలో భూగోళమంతా ఉంది. మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టిన బుడమేరు బెజవాడ మీదుగా పోయి కొల్లేట్లో కలుస్తుంది. తమ్మిలేరు, రామిలేరు చేరేదీ అక్కడికే. ఇన్ని ఏర్లు వచ్చి పడుతుంటే, సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. అదీ వంకరలు తిరుగుతూ అరవై కిలోమీటర్ల పైచిలుకు. కనుక వరదనీరు కొల్లేట్లో కొన్నాళ్ళు బస చేసి, తీరిగ్గా కదలాలి. వేసవిలో సరస్సు తగ్గితే, పోటునీళ్ళు ఉప్పుటేటి గుండా ఎగదన్ని ఉప్పు తెచ్చిపెడతాయి.

ఆ ఉప్పుటేటికీ ఒక కథుంది. కొల్లేటికోటలో గజపతిరాజు ఉండగా, శత్రుసేనకు నీళ్ళు దాటే ఉపాయం దొరకలేదట. సరస్సును సముద్రంలోకి తీసేద్దామని కాలవ తవ్వించిన సేనాని, పని నెరవేరడానికి కన్నకూతుర్నే బలిచ్చాడట. అందుకే దానికి పేరంటాల కనమ అని పేరు. నిజానిజాలు ఎలా ఉన్నా, నీటిని వెళ్ళగొట్టాలన్న పంతానికి ఆడపిల్ల ప్రాణం పోయిందని మనవాళ్ళు కథలోనైనా దాచుకున్నారు.

పంతం మాత్రం పోలేదు. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. తర్వాత డబ్బున్నవాళ్ళు వచ్చారు, గట్టు మీద గట్టు లేచింది. 1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో గట్లు కొట్టేశారు.

ఆ ఏడు అత్తయ్యను చూడబోయాను. వాళ్ళకీ ఒక చెరువులో చిన్న వాటా ఉండేది. "పిల్లల ఫీజులు దీన్లోంచే కట్టామే తల్లీ" అని కళ్ళొత్తుకుంది. కాసేపాగి, "అయినా నీళ్ళను మాత్రం ఎక్కడికి పొమ్మంటాం?" అంది. నేనేం జవాబు చెప్పను?

మర్నాడు ఆటపాక తీసుకెళ్ళింది. అక్కడ గూడబాతులు చంటిపిల్లల తల్లుల్లా ఒకటే హడావిడి! చెట్లు చాలక, అటవీశాఖవారు నీళ్ళలో ఇనపస్టాండ్లు నిలబెడితే వాటిమీద కూడా గూళ్ళు కట్టుకుంటాయవి.

ఆ తర్వాత కొన్నిచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. 2024 సెప్టెంబరులో మావైపు కుండపోత కురిసింది. బుడమేరు గట్లు తెగి బెజవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. వాన విపరీతమే, కాదనను. కానీ ఏరు నడిచే దారినీ, పోయి పడుకునే చోటునీ మనం ఇరుకు చేశాక, అది మన నట్టింట్లోకి రాక ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు వానొస్తే, చూరునీళ్ళు వాకిలి దాటి వీధిన పడుతుంటే నిలబడి చూస్తాను. 'పెద్దింట్లమ్మ తల్లీ, మావైపు నీళ్ళొస్తున్నాయి, కాస్త చోటుంచు' అని కొల్లేటికోట అమ్మవారికి మనసులోనే కబురు పెడతాను.