వార్తకు తలకట్టు

బడిలో అక్షరములు దిద్దు పిల్లవానికి గురువు మొదట నేర్పువానిలో తలకట్టు ఒకటి. ‘క’ అను అక్షరమునకు నెత్తిన నుండు ఆ చిన్న గీతను తీసి పొల్లు పెట్టినచో ఆ అక్షరము సగమే పలుకును. వార్తకు శీర్షిక అట్టిదే. గీత చిన్నది, కాని పలుకు దానిపై నాధారపడి యున్నది.

గుడివాడ రైలు స్టేషనులో పత్రిక కొనిన ప్రయాణికుడు బండి వచ్చులోపల శీర్షికలన్నియు చూచును. వార్తలలో రెంటినో మూటినో సాంతముగ చదువును. తక్కినవి మడిచి సంచిలో పెట్టును. సాయంకాలము ఇల్లు చేరి నలుగురికి చెప్పునప్పుడు మాత్రము తాను చదువని వార్తలను గూర్చి కూడ చదివినవానివలెనే చెప్పును. శీర్షిక యొక్క బలమును, దానివలని ప్రమాదమును ఇందే యున్నవి. చదువువానికంటె చూచి సాగిపోవువారే ఎక్కువ. వారికి వార్త అనగా శీర్షికయే.

ఈ చిన్న గీతకు పెద్ద చరిత్ర కలదు. ఆ చరిత్రలో కృష్ణా డెల్టా దిగువ భాగమునకు, అనగా బందరునకు, గుడివాడ ప్రాంతమునకు, దివిసీమకు ఉన్న పాలు మనము సాధారణముగ తలచుకొనుట లేదు. ఆ పాలును గూర్చియే ఇక్కడ నాలుగు మాటలు చెప్పదలచినాము.

పూర్వపు పత్రికలకు నేటి యర్థములో శీర్షికలు లేవు. ఏ యూరినుండి ఏ తేదీన వచ్చిన వార్తయో పైన వ్రాసి, క్రింద సంగతులు వరుసగ కూర్చెడివారు. లండను ‘టైమ్స్’ పత్రిక 1966 వరకు తన మొదటి పుటను ప్రకటనలకే విడిచినది. మదరాసు ‘హిందూ’ కూడ 1958 వరకు అట్లే చేసినది. పాఠకుడు తీరికగ కూర్చుండి పుటలు త్రిప్పి వార్తను తానే వెదకుకొనునను నమ్మకము ఆ పద్ధతికి మూలము. ఆ కాలపు తెలుగు పత్రికలకు పేరే శీర్షిక. 1870ల దశకములో బందరునుండి వెలువడిన ‘పురుషార్థ ప్రదాయిని’ తన ఆశయమును తన పేరులోనే చాటుకొనినది.

అమెరికాలో పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ పద్ధతి తలక్రిందులైనది. న్యూయార్కు నగరములో పులిట్జరు, హర్‌స్టు అను ఇరువురు పత్రికాధిపతులు పోటీపడి అక్షరములను పెంచిరి. 1898 ఫిబ్రవరిలో హవానా రేవులో ‘మెయిన్’ అను అమెరికా యుద్ధనౌక ప్రేలి మునిగినది. కారణ మింకను తేలకమునుపే హర్‌స్టు పత్రిక అది శత్రువు చేసిన పనియని పుట నిండ చాటినది. కొద్ది వారములలో స్పెయినుతో యుద్ధము వచ్చినది. యుద్ధమునకు శీర్షికయే కారణమనుట అతిశయోక్తి యగును. కాని జనుల మనస్సులను అటు త్రిప్పుటలో దానికి పాలు లేదనుట అసత్యమగును.

ఇది జరిగిన నాలుగేండ్లకు, 1902లో, బందరున ‘కృష్ణా పత్రిక’ పుట్టినది. కొండా వెంకటప్పయ్యగారు, దాసు నారాయణరావుగారు దానిని స్థాపించిరి. దివి తాలూకా ముట్నూరులో 1879లో జన్మించిన కృష్ణారావుగారు మొదట అందులో సహాయకులుగ చేరి, 1907 మొదలు 1945లో పరమపదించువరకు దానికి సంపాదకులై యుండిరి. బందరులో తెలుగు శీర్షిక నేర్చుకొనిన మొదటి పాఠము ఆయన చేతిలోనిదని మా యభిప్రాయము.

దినపత్రికకు లేని చిక్కు వారపత్రికకు ఒకటి కలదు. వారపత్రిక చేతికి వచ్చుసరికి వార్త పాతబడి యుండును. బందరు కోర్టులోని వకీలుకును, పోర్టులోని వర్తకునకును సంగతి ఇదివరకే తెలిసి యుండును. ఇక వారపత్రిక చెప్పవలసిన దేమి? ఆ సంగతికి అర్థమేమో చెప్పవలెను. అందుచే దాని శీర్షిక ‘ఏమి జరిగినది’ అని చెప్పుటతో సరిపెట్టుకొనరాదు. జరిగినదానికి ఒక పేరు పెట్టవలెను. కృష్ణారావుగారు రాజకీయములను తత్త్వదృష్టితో చూచిన రచయిత. ఆయన వ్యాసములను తరువాత గ్రంథముగ కూర్చినప్పుడు ‘లోవెలుగులు’ అని పేరు పెట్టిరి. ఈ ఒక్క మాటలో అరుపు లేదు, ఆశ్చర్యార్థకము లేదు. అయినను చదువరి అచ్చట ఒక్క క్షణము ఆగును. పేరు పెట్టుట యనగా ఇదియే.

మంచి శీర్షిక యొక్క వెలను తెలుపు ఉదంతము బందరునకు ఎగువనున్న బెజవాడలో జరిగినది. 1907లో బిపినచంద్రపాలు ఆంధ్రదేశమున పర్యటించి వెడలిన పిమ్మట యువకులలో ఆవేశము హెచ్చినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడలో ‘స్వరాజ్య’ అను పత్రిక నడిపిరి. 1908లో తిరునల్వేలి కాల్పులపై ఆ పత్రిక ‘విపరీత బుద్ధి’ అను శీర్షికతో సంపాదకీయము ప్రకటించినది. రాజద్రోహ నేరము మోపి ప్రభుత్వము ఆయనను కారాగారమునకు పంపినది.

ఆ శీర్షికను ఒక్కసారి పరిశీలింపుడు. రెండే మాటలు. అందు ప్రభుత్వము పేరు లేదు, నిందయు లేదు. కాని వినాశకాలము దాపురించినప్పుడే విపరీత బుద్ధి పుట్టునను సామెత తెలుగువారిలో పామరునకు కూడ తెలియును. సంపాదకుడు సామెతలో సగమే ముద్రించెను. తక్కిన సగమును, ‘వినాశకాలము’ అను సగమును, పాఠకుడు తన మనస్సులో తానే పూరించుకొనెను. అనగా ఇక్కడ దాచినది పాఠకునికి ముందే తెలిసినది. ఈ భేదమును గుర్తుంచుకొనవలసినదిగ కోరుచున్నాము. చివర దీనితో పని కలదు.

ఇక దినపత్రిక సంగతి. గుడివాడ ప్రాంతపు ఎలకుర్రు గ్రామమునకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగ ప్రారంభించి, 1914 ఏప్రిలు 1వ తేదీన మదరాసున దానిని దినపత్రికగ వెలువరించిరి. నాలుగు నెలలు గడవకముందే ఐరోపాలో మహాయుద్ధము వచ్చిపడినది. తంతివార్తలు ఆంగ్లములో దిగుచుండెను. వానిని రాత్రికి రాత్రి తెనిగించి తెల్లవారుసరికి అచ్చొత్తవలెను. శీర్షిక వ్రాయుట ఇట్టి తొందరలో చేయవలసిన పని. వార్త వ్రాయుటకు గంట దొరికినను దానికి తలకట్టు పెట్టుటకు నిమిషము దొరకదు.

ఈ పనిలో తెలుగునకు రెండు ప్రత్యేకమైన కష్టములు కలవు. మొదటిది అచ్చు కష్టము. ఆంగ్లములో పెద్దబడి, చిన్నబడి అక్షరములను భేదము కలదు. అన్నియు పెద్దబడిలో కూర్చిన మాట దానంతట అదే కేక వేయును. తెలుగునకు ఆ సౌకర్యము లేదు. పైగా మన గుడులు పైకి పోవును, వత్తులు క్రిందికి దిగును. కంపోజిటరు చేతితో అక్షరములు పేర్చిన కాలములో ఒక శీర్షికలో రెండు వత్తులు ఎక్కువైనచో పంక్తి కాలములో ఇముడక, ఉపసంపాదకుడు మాట మార్చవలసి వచ్చెడిది. సంస్కృత సమాసము తొలగి చిన్న తెలుగు మాట శీర్షికలోనికి వచ్చుటకు భాషాభిమానమెంత కారణమో కాలము వెడల్పు కూడ అంత కారణము.

రెండవది వాక్యపు కష్టము. తెలుగు వాక్యములో క్రియ చివరకు వచ్చును. శీర్షికలో చోటు చాలక క్రియను తీసివేసినచో జరిగినదో, జరుగనున్నదో, జరుగవలెనని కోరుచున్నారో తెలియదు. విభక్తిని తీసివేసినచో కొట్టినవా రెవరో, దెబ్బ తినినవా రెవరో తెలియదు. ‘కాలువలకు నీరు’ అని యున్నదనుకొందము. నీరు వదలినారా? వదలుదురా? వదలుమని రైతులు అడిగినారా? కృష్ణ ఆనకట్టకు దగ్గరి రైతునకు ఈ సందేహము వినోదము కావచ్చును. కాలువ చివర, దివిసీమ శివారు భూములలో నారు పోసికొని యెదురుచూచు రైతునకు అది వినోదము కాదు. ఆయన కూలి మాటలాడుకొనుట, అప్పు తెచ్చుకొనుట ఆ క్రియాపదముపై నాధారపడి యున్నవి. ‘శివారుకు నీరు ఎల్లుండి’ అను మూడు మాటలు ఆయనకు ఒక పుట వ్యాసముకంటె మేలు.

ఈ యెరుక తెలుగు పత్రికలకు కలిగించినవారిలో ముఖ్యులు నార్ల వెంకటేశ్వరరావుగారు. ఆయనది గుడివాడ చేరువనున్న కవుతరం. 1938లో మదరాసున పుట్టిన ‘ఆంధ్రప్రభ’కు ఆయన 1942 నుండి 1959 వరకు సంపాదకులు, 1960లో విజయవాడలో వెలసిన ‘ఆంధ్రజ్యోతి’కి కూడ సంపాదకులైరి. జనులు మాటలాడు తెలుగే పత్రికలో ఉండవలెనని ఆయన పట్టుపట్టిరి. మేము ఈ వ్యాసమును పాత భాషలో వ్రాయుచున్నను ఆ పట్టుదలకు నమస్కరించుచున్నాము. జనుల నుడికారమునకు క్లుప్తత స్వభావము. గట్టుపైనుండి కేకవేసి చెప్పగల మాటయే శీర్షికకు తగిన మాట.

ఇట్లు దివిసీమ, బందరు, గుడివాడ తెలుగు శీర్షికకు ముగ్గురు పెద్దలను ఇచ్చినవి. కాని శీర్షికకు కఠినమైన పరీక్ష పెట్టినది వీ రెవ్వరు కాదు, సముద్రము.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకొని పడిన ఉప్పెనలో పదివేలమంది పోయిరని ప్రభుత్వపు లెక్క. అంతకు మించినదని అనేకుల అంచనా. సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయినవి. ఆ దినములలో తుపాను హెచ్చరికలు వెలువడకపోలేదు. అయినను సముద్రమే లేచి ఊరిమీదికి వచ్చునని ఊహింపనివారు అనేకులు. ఇక్కడ మాటల తేడా గమనింపదగినది. ‘గాలివాన’ అనగా తీరవాసికి అలవాటైన సంగతి; తలుపు బిగించుకొని ఇంట కూర్చుండును. ‘ఉప్పెన’ అనగా ఇల్లు విడిచి పోవలసిన సంగతి. రెండును ఒక తుపానునకే చెందిన మాటలు కావచ్చును. కాని శీర్షికలో ఏ మాట పెట్టితిమన్నదానిని బట్టి చదువరి కూర్చుండుటయో కదలుటయో నిర్ణయింపబడును.

1990 మే 9వ తేదీన బందరునకు దిగువ మరియొక పెను తుపాను తీరము దాటినది. ఈ పర్యాయము లక్షన్నర మందికి పైగా ప్రజలను ముందే సురక్షిత స్థలములకు చేర్చిరి. మృతులు వేయిమందికి లోపుగ నుండిరి. అదియు తక్కువ దుఃఖము కాదు. అయినను 1977తో పోల్చినచో భేదము కండ్లకు కట్టును. తుపాను రక్షణ భవనములు, రవాణా, అధికారుల శ్రమ ఇందుకు కారణములు. వానితోపాటు ఎచ్చట, ఎప్పుడు, ఏమి చేయవలెను అను మూడింటిని ముందు వాక్యములోనే చెప్పి నమ్మించిన హెచ్చరిక కూడ ఒక కారణము.

రేడియోకు పెద్ద అక్షరములు లేవు, రంగులు లేవు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము పలుకుట ప్రారంభించినది మొదలు, దానికున్న శీర్షిక యెల్ల వార్తలకు ముందు చదువు ముఖ్యాంశములే. గొంతు పెంచకుండ, ముందు చెప్పవలసినదానిని ముందు చెప్పుటయే దాని నేర్పు.

నేడు వార్త అరచేతిలోని తెరపైకి వచ్చినది. ఇచ్చట శీర్షికయు వార్తయు ఒక పుటలో ఉండవు. శీర్షికను వ్రేలితో తాకిననే గాని వార్త తెరచుకొనదు. ఎందరు తాకిరో లెక్క కట్టబడును. ఆ లెక్కను బట్టి ప్రకటనల సొమ్ము వచ్చును. అందుచే ‘ఆ జిల్లాకు పెను ముప్పు’ అనియు, ‘అసలేమి జరిగినదో తెలిసినచో నిర్ఘాంతపోవుదురు’ అనియు వ్రాయు అలవాటు ప్రబలినది. ‘ఆ జిల్లా’ ఏదియో చెప్పినచో తాకువారు తగ్గుదురట!

ఇప్పుడు వెనుక చెప్పిన భేదమును జ్ఞాపకము చేసికొందము. ‘విపరీత బుద్ధి’ అను శీర్షిక పాఠకునికి తెలిసినదానిని దాచినది. అతని బుద్ధిని గౌరవించినది. ‘ఆ జిల్లా’ అను శీర్షిక పాఠకునికి కావలసినదానిని దాచుచున్నది. అతని భయమును అమ్ముకొనుచున్నది. ఆకర్షణ రెంటను కలదు. ఆకర్షణ దోషము కాదు. శీర్షిక పుట్టినదే అందుకు. దోషము బాకీ యెగవేయుటలో నున్నది. శీర్షిక పాఠకునినుండి శ్రద్ధను అప్పుగ తీసికొనును. క్రింది వార్త దానిని తీర్చవలెను.

అప్పు తీరనిచో నష్టపడునది ఆ ఒక్క పత్రిక మాత్రమే కాదు. ‘నాన్నా, పులి!’ అని వేళాకోళమునకు అరచిన పిల్లవాని కథ మనమందరము విన్నాము. నాగాయలంక బెస్తవాడు ఏడాది పొడుగున ‘పెను ముప్పు’లను తాకి తాకి విసిగియున్న పిమ్మట, ఒకనాడు నిజమైన ముప్పు అవే మాటలతో ఆ తెరపైననే కనబడును. ఆనాడు అతడు పడవను ఒడ్డునకు లాగునా, సముద్రము మీదికి త్రోయునా?

కావున శీర్షిక వ్రాయువారిని మేము కోరునది ఒక్కటే. వార్త చదువకుండ శీర్షికను మాత్రమే చూచి పోవు మనిషిని మనస్సులో పెట్టుకొనుడు. అతడు సత్యముతో ఇంటికి పోవుచున్నాడా, అసత్యముతో పోవుచున్నాడా అని ప్రశ్నించుకొనుడు. గుడివాడ స్టేషనులో బండి యెక్కినవాడు ఇంట నలుగురికి చెప్పబోవునది ఆ ఒక్క పంక్తియే.