రెక్కలు లేని రక్షకభటులు

మా మండపేట ప్రాంతంలో హెలికాప్టరు అనగానే పెద్దలకు స్ఫురించేది 1986 ఆగస్టు నాటి గోదావరి వరద. ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారిన ఆ రోజుల్లో లంక గ్రామాలకు ఆహారపు పొట్లాలు ఆకాశమార్గానే అందాయి. తరువాత 2002 మార్చి 3న, కోనసీమ ముద్దుబిడ్డ, లోక్‌సభ సభాపతి బాలయోగిగారు కైకలూరు సమీపాన హెలికాప్టరు కూలి అసువులు బాశారు. మేలైనా కీడైనా ఆ యంత్రాన్ని ఎరిగినవారమే గాని, పోలీసుల హెలికాప్టరు అన్నది మాత్రం మేము చూసి ఎరుగము.

గ్రీకు భాషలో 'మెలి', 'రెక్క' అనే అర్థాలు గల రెండు పదాల కలయిక హెలికాప్టరు. మెలిరెక్క అని తెనిగించవచ్చు గాని ఆ పేరు నిలవదు లెండి! 1946లో అమెరికాలో బెల్ 47 అనే నమూనాకు పౌర వినియోగార్థం తొలి అనుమతి లభించింది. రెండేళ్లకే, 1948లో, న్యూయార్కు పోలీసులు దానిని తమ దళంలో చేర్చుకున్నారు.

అటువంటి దళంలో యంత్రాన్ని నడిపేవాడు ఒకడు, నేరస్థుణ్ణి వెదికేవాడు మరొకడు. ఈ రెండవవాడే అసలు పోలీసు. చూపు నేల మీద, చెవి వైర్‌లెస్ మీద ఉంచి, క్రింది గస్తీ వాహనాలకు దారి చెబుతుంటాడు. శరీరపు వేడిని పసిగట్టే కెమెరా ఉన్నందువల్ల చీకట్లో పొదలో దాగినవాడు కూడా తెరపై స్పష్టంగా కనబడతాడు. హెలికాప్టరు గాలిలో ఒకేచోట నిలవగలదు. అయినా చాలావరకు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ముందుకు వేగం ఉంటే, ఇంజను ఆగినా క్షేమంగా దిగే అవకాశం ఎక్కువ. ఇంధనం రెండు మూడు గంటలకు మించి రాదు.

మన దేశంలో సరిహద్దు భద్రతా దళానికి 1969లో వైమానిక విభాగం ఏర్పడింది. రాష్ట్ర ప్రభుత్వాల హెలికాప్టర్లు ప్రధానంగా మంత్రుల పర్యటనలకే. 1989లో ఏర్పడిన మన గ్రేహౌండ్స్ దళానికి అడవిలో కాలినడకే ఆధారమైంది. ఖర్చు మాట కూడా చెప్పాలి. 2020లో కేరళ పోలీసులు పవన్ హంస్ సంస్థ నుండి ఒకటి అద్దెకు తీసుకుంటే నెలకు 1 కోటి 44 లక్షల రూపాయలైంది. ఆ సొమ్ముకు ఎగిరేది 20 గంటలు. గంటకు 7 లక్షల 20 వేలు!

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమలలో అదృశ్యమైంది. పోలీసులు అడవిలో కాలినడకన గాలించారు. మరునాటి ఉదయం పావురాలగుట్టపై శకలాలు కనబడింది వాయుసేన హెలికాప్టరుకు.

ఇక 2013 జనవరి 18న, తెలంగాణకు పొరుగున ఉన్న సుక్మా జిల్లాలో జరిగిన ఉదంతం. గాయపడిన జవాన్ల కోసం వెళ్లిన వాయుసేన హెలికాప్టరుపై మావోయిస్టులు కాల్పులు జరిపారు. యంత్రం బలవంతంగా నేలకు దిగింది. లోపలున్న ఛత్తీస్‌గఢ్ పోలీసు వైర్‌లెస్ ఆపరేటరుకు తూటా తగిలింది. వాయుసేన సిబ్బంది అతణ్ణి యంత్రంలోనే వదలి, కాలినడకన చింతగుఫా శిబిరానికి చేరారు. సహాయం తేవడానికే వెళ్లారని వాయుసేన సమర్థించుకుంది. గాయపడిన పోలీసును తరువాత రక్షించారు గాని, హోం, రక్షణ శాఖల మధ్య వివాదం రేగింది.

ఆ సిబ్బందిని పిరికివారనడం నాకు సమ్మతం కాదు. తూటాలు తగిలిన యంత్రం పక్కన నిలిచి తీర్పు చెప్పినవారు ఎవరూ లేరు. ఒకే యంత్రంలో కూర్చున్న ఆ ఇరువర్గాలవారు వేర్వేరు ఆజ్ఞలకు లోబడినవారు. తోటి ఠాణా మనిషైతే విడిచి వెళ్లేవాడా అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. న్యూయార్కు ఏర్పాటులో నడిపేవాడూ వెదికేవాడూ ఒకే దళంవారు.

2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ సరిహద్దున కర్రెగుట్టలపై 21 రోజుల గాలింపు సాగినప్పుడు కూడా గాయపడిన జవాన్లను గుట్టల నుండి ఆసుపత్రులకు చేర్చినవి హెలికాప్టర్లే.