పెద్ద చేపకు ఎంత తొట్టి?



తిరువొత్తియూరు పేరు చెబితే మన తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది త్రిపురసుందరీ అమ్మవారు. త్యాగరాజస్వామి ఆ తల్లిమీద తెలుగులో అయిదు కృతులు చెప్పారు. ఆ తరువాత గుర్తొచ్చేది సముద్రం. గుడికి తూర్పుగా నాలుగడుగులు వేస్తే చాలు, కుప్పాలు, పడవలు, ఆరబెట్టిన వలలు. దక్షిణంగా కాసిమేడు రేవు, ఉత్తరంగా ఎన్నూరు మొగ. చేపంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేని ఊరు అది. అయినా ఆ ఊళ్లోనూ, మీ ఊళ్లోనూ ఇప్పుడు ముందుగదుల్లో గాజు తొట్లు కనిపిస్తున్నాయి. వాటిలో చాలావరకు కొళత్తూరు నుంచి వచ్చిన చేపలే. మద్రాసు ఉత్తరభాగంలోని ఆ పేటలో రంగుచేపల పెంపకమూ అమ్మకమూ పెద్ద వ్యాపారం.

కుప్పంలో ఏ ముసలాయననైనా అడగండి. వేలెడంత పిల్లను చూపించి ఇది ఎంతవుతుందంటే మూరెడనో బారెడనో చటుక్కున చెబుతాడు. రంగుచేపల దుకాణంలో మాత్రం ఆ ప్రశ్న అడిగేవారు తక్కువ. అక్కడ చేపలన్నీ రెండంగుళాలే. ఎదిగిన చేపను ఎవరూ చూపించరు. మీరు రెండడుగుల తొట్టి కొంటారు, నచ్చిన పిల్లను అందులో వేస్తారు. తొట్టి ముందు, చేప తరువాత. ఈ తలకిందుల లెక్క నిన్నమొన్నటిది కాదు, దానికి నూట డెబ్భై ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది.

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త తన ప్రయోగం సంగతి ప్రకటించాడు. ఒక గాజుపాత్రలో రెండు చిన్న బంగారు చేపలు, ఒక నీటిమొక్క, కొన్ని నత్తలు. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, నత్త కుళ్లును తింటుంది, చేప బతుకుతుంది. మూడింటికీ తూకం కుదిరితే నీళ్లు మార్చే పనే లేదన్నాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ అక్వేరియం మీద పుస్తకమే రాశాడు. ఇక ఇంగ్లండులో ఇంటింటా గాజుతొట్టి వెలిసింది. వారింగ్టన్ చెప్పిన తూకం అబద్ధం కాదు. కానీ అది నాలుగు చిన్న ప్రాణాల తూకం. దాన్నే పెద్ద చేపకూ పట్టిస్తే నీళ్లు మురిగిపోతాయి.

ఈ చిక్కును విప్పిన మనిషి విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. ఈయన పేరు ఎక్కువమందికి తెలియదు. నా దృష్టిలో గాస్ కంటే ఈయనకే మనం ఎక్కువ రుణపడి ఉన్నాం. 1871లో లండన్ శివార్లలోని క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద అక్వేరియం తెరిచారు. దాని రూపశిల్పి లాయిడే. జనం చూసే తొట్లలో ఉన్న నీటికంటే ఎన్నో రెట్ల నీటిని ఆయన నేలకింద చీకటి గుంటలో నిలవ ఉంచాడు. ఆవిరియంత్రంతో ఆ నీటిని రాత్రీ పగలూ పైకీ కిందికీ తిప్పాడు. చూపరికి కనిపించేది గాజు వెనకున్న కాస్త నీరు, చేపను బతికించేది కనిపించని నీరు. తొట్టి ఎంత అన్న ప్రశ్నకు అసలు జవాబు అక్కడుంది. కొలవవలసింది గాజును కాదు, నీటిని.

మన మద్రాసుకు ఆ విద్య రావడానికి మరికొంత కాలం పట్టింది. గవర్నరు ఆంప్తిల్ ప్రభువు హయాంలో ఆలోచన పుట్టింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ మార్గదర్శకత్వంలో పథకం తయారైంది. అవును, దక్షిణదేశపు కులాల గురించి ఏడు సంపుటాలు రాసిన థర్‌స్టనే. 1909 అక్టోబరులో మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచారు. మన దేశంలో అదే మొదటిది. 1919లో దాన్ని మత్స్యశాఖకు అప్పగించారు. 1942లో జపాను బాంబుల భయంతో మూసేశారు. కట్టిన చోటు చూడండి, సముద్రానికి కూతవేటు దూరం. సముద్రపు చేపను ఉంచదలిస్తే సముద్రం పక్కనే ఉండాలన్న ఇంగితం అందులో ఉంది.

అంతకుముందే ఇదే మద్రాసుకు మరో పెద్ద చేప వచ్చింది. గొరామి. పందొమ్మిదో శతాబ్దంలో జావా నుంచీ మారిషస్ నుంచీ దాన్ని తెప్పించారు. రెండడుగుల దాకా ఎదిగే చేప. తెచ్చినవాళ్లు దాన్ని వేసింది చెరువుల్లోనూ కొలనుల్లోనూ. వాళ్ల ఉద్దేశం తిండి కాబట్టి చేప ఎంతవుతుందో ముందే లెక్కేసుకున్నారు. ఇప్పుడు అదే గొరామి పిల్లను రెండడుగుల గాజుపెట్టెకు అమ్ముతున్నారు.

ఇక లెక్కలోకి వద్దాం, విసుగనుకోకండి. ఘనపుటడుగు నీరంటే దాదాపు 28 లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో 56 లీటర్లు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే సుమారు 255. ఆస్కార్ చేప కొనేటప్పుడు రెండంగుళాలు. బాగా మేపితే ఏడాది రెండేళ్లలో అడుగు దాకా వస్తుంది. పొడవు ఆరు రెట్లయింది. మరి బరువో? ఆరు ఆర్లు ముప్పయ్యారు, దాన్ని మళ్లీ ఆరుతో గుణించండి, 216 రెట్లు. తినే తిండీ, వదిలే మలినమూ బరువుతోనే పెరుగుతాయి. అంగుళం చేపకు ఇన్ని లీటర్లు అని కొందరు చెప్పే సూత్రం చిన్న చేపలకు సరిపోతే సరిపోవచ్చు, పెద్దవాటి దగ్గర బోల్తాకొడుతుంది. ఆ మలినంలోంచి పుట్టే అమ్మోనియా చేప మొప్పలను కాలుస్తుంది. దాన్ని మార్చివేసే సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త వినొగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపాడు. ఫిల్టరులో పనిచేసేవి అలాంటి జీవులే. వాటి శక్తికీ హద్దుంది. అందుకే ఒక్క ఆస్కార్‌కు ఆ 255 లీటర్ల తొట్టి కావాలి. అంతకంటే తక్కువలో పెట్టకండి.

లీటర్లు చాలినంత మాత్రాన సరిపోదు, ఆకారమూ చూడాలి. వెడల్పు చేప పొడవుకంటే ఎక్కువ ఉంటేనే అది ఒళ్లు వంచకుండా వెనక్కి తిరుగుతుంది. ఎత్తుగా, సన్నగా ఉండే తొట్టి గోడకు అందం, చేపకు జైలు. మరో మాట మేడమీద కాపురముండేవాళ్లకు. 255 లీటర్లంటే నీరే 255 కిలోలు. గాజు, రాళ్లు, ఇనుప స్టాండు కలిస్తే మూడు వందలు దాటుతుంది. పాత మిద్దెల్లో గోడవారగా, దూలం మీద బరువు పడేచోట పెట్టండి. వారానికి పావువంతు నీరు మార్చాలంటే అరవై లీటర్ల పైమాటే. ఎండాకాలంలో మెట్రో వాటర్ లారీ కోసం బిందెలు వరుసపెట్టే వీధిలో ఆ అరవై లీటర్లు ఎక్కడినుంచి వస్తాయో ముందే ఆలోచించుకోవాలి.

దుకాణంలో షార్కు అని అమ్మే వెండిరంగు పిల్ల సంగతి మరీ విడ్డూరం. అది సొరచేప కానే కాదు, పంగాసియస్. 1990ల నడుమ బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో రైతులు దాన్నే ఏడాదిలో కిలోకు పైగా పెంచి అమ్ముతున్నారు. వదిలేస్తే మీటరు దాటుతుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తొట్టి కట్టించినా అందులో అది వెనక్కి తిరగలేదు.

తొట్టి చిన్నదైతే చేప దానికి తగ్గట్టే ఉండిపోతుందిలే అంటారు కొందరు. ఎదుగుదల కుంటుపడే మాట నిజమే. మురికి నీటిలో, ఇరుకులో అది రోగంతో కుంటుపడుతుంది. పదేళ్లు బతకవలసిన ప్రాణి ఒకటి రెండేళ్లలో పోతుంది. పోనిది ఎదుగుతుంది, మనసొప్పక ఎవరో దాన్ని సంచిలో పట్టుకెళ్లి చెరువులోనో కోనేటిలోనో వదులుతారు. పాచి తింటుందని తొట్టిలో వేసే సక్కర్ చేప ఇలాగే బయటపడి, ఆంధ్రలోనూ తమిళనాడులోనూ చెరువులకు ఎక్కింది. ఒంటినిండా ముళ్లపలకలు. వలలో పడితే వల చిరుగుతుంది, పట్టినదాన్ని కొనేవాడు లేడు. మన జాలరులు దాన్ని దెయ్యపు చేప అంటున్నారు.

అందుచేత దుకాణానికి వెళ్లినప్పుడు ఈ చేప ఎదిగితే ఎంతవుతుందని ముందు అడగండి. జవాబు అడుగు దాటితే, నాలుగడుగుల తొట్టికి చోటూ నీళ్లూ లేకపోతే, ఆ పిల్లను అక్కడే వదిలేయండి. రెండడుగుల తొట్టే ఉందా? గప్పీలు, మోలీలు నాలుగైదు వేసుకోండి. మీ తొట్టిలో అవి చివరిదాకా హాయిగా తిరుగుతాయి. ఇప్పటికే పెద్ద చేప ఇంట్లో ఉంటే చెరువు దారి పట్టకండి. కొన్న దుకాణానికే తిరిగివ్వండి, లేదా సిమెంటు తొట్టి ఉన్న పెంపకందారు ఎవరైనా ఉన్నారేమో వాకబు చేయండి.