నీడల లెక్క: స్కానింగు వెనుక గణితం కథ

తలకు స్కానింగు తీయించాలని డాక్టరుగారు అనగానే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. ఖర్చు సంగతి అలా వుంచి, కోయకుండానే లోపలి సంగతి ఆ యంత్రానికి ఎలా తెలుస్తుందని అడిగేవారు మాత్రం తక్కువ. చెప్పేది గణితమే.

మామూలు ఎక్స్‌రేలో లోపలి భాగాలన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఒకే నీడ అవుతాయి. కిరణం దారి పొడవునా మొత్తం ఎంత తగ్గిందో తెలుస్తుంది, ఎక్కడెంత తగ్గిందో తెలియదు. అన్ని సరళరేఖల మీది మొత్తాలూ తెలిస్తే వివరం రాబట్టవచ్చునని 1917లో ఆస్ట్రియా గణితవేత్త యోహాన్ రాడన్ నిరూపించాడు. 1938లో ఫ్రిట్జ్ జాన్ మరో మెట్టు ఎక్కాడు. మూడు కొలతల ప్రదేశంలో ఈ మొత్తాలు ఇష్టం వచ్చినట్లు వుండవనీ, ఒక రేఖీయ పాక్షిక అవకలన సమీకరణానికి లోబడి వుంటాయనీ చూపాడు. ఈ శాఖనే సమాకలన రేఖాగణితం అంటారు.

చిన్న ఉదాహరణ చూడండి. నాలుగు గళ్లు, రెండు వరుసలుగా వున్నాయి. అడ్డంగా కూడితే 5, 9; నిలువుగా కూడితే 6, 8. పై వరుసలో 2, 3, కింద 4, 5 కావచ్చు. పైన 1, 4, కింద 5, 4 అయినా సరిపోతుంది! ఎడమ పైగడి నుంచి ఐమూలగా కూడితే 7 అని చెబితేనే మొదటిది ఖాయమవుతుంది. అందుకే యంత్రం తల చుట్టూ తిరిగి అనేక వైపులనుంచి చూస్తుంది.

1956లో రాడన్ కన్నుమూశాడు. అదే ఏడు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ ఆస్పత్రిలో పనిచేస్తూ అలన్ కార్మాక్ ఈ సమస్యనే పట్టుకున్నాడు. రాడన్ వ్యాసం సంగతి తెలియక తానే దారి వెతుక్కున్నాడు. 1963, 1964లలో ప్రచురిస్తే పట్టించుకున్నవారు బహు కొద్దిమంది.

ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ బీజగణితం దారి పట్టాడు. ఆయన తొలి యంత్రం 180 కోణాలలో, కోణానికి 160 చొప్పున 28,800 కొలతలు తీసేది. తేల్చవలసినవి 80 అడ్డం, 80 నిలువు, అంటే 6,400 గళ్లు. ముందు ఒక అంచనా వేసుకొని, ఒక్కొక్క సమీకరణానికీ సరిపోయేలా దిద్దుకుంటూ పోవడమే ఉపాయం. ఇలాంటి పద్ధతిని పోలండు గణితవేత్త కాచ్‌మార్జ్ 1937లోనే చెప్పి వున్నాడు. 1971 అక్టోబరు 1న లండన్‌లో తొలి రోగి తలను ఆ యంత్రంతో చూశారు. అదే ఏడు మన జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్‌లు బొమ్మను తొందరగా కట్టే మరో పద్ధతి ప్రచురించారు. 1979లో కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్‌లకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది.

తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథంలోని 'అల్ జబ్ర్' నుంచే ఆల్జీబ్రా అనే పేరు పుట్టింది. జబ్ర్ అంటే విరిగినదాన్ని తిరిగి అతకడం. ఎముకలు కట్టే వైద్యానికీ అదే మాట వుంది. నీడల ముక్కలనుంచి తల బొమ్మను అతికే పనికి ఈ పేరు ఎంత తగినదో చూడండి!

రాడన్ సూత్రం ఆస్పత్రి గడప తొక్కడానికి అర్ధశతాబ్దం పైన పట్టింది. కనుక మన ఇంటి అమ్మాయిగాని అబ్బాయిగాని గణితం చదువుతానంటే, "దానివల్ల ఏం లాభం?" అని కొట్టిపారేయకండి. ఆ లాభం ఎప్పుడు, ఎవరి ప్రాణం మీద కనిపిస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.