పారిసు నగరమందలి ద్రాక్షాసవపరీక్ష



మద్యమును గూర్చి ముచ్చటింప నీ ముసలి పంతులెవఁడని మీలోఁ గొందఱు ముక్కున వ్రేలిడుకొనవచ్చును. ద్రాక్షాసవము నా పెదవి నెన్నఁడు నంటలేదు. హైదరాబాదు చుట్టుప్రక్కలఁ బండిన అనాబెషాహి పండ్లు తినుటయే నే నెఱిఁగిన ద్రాక్షరుచి. అయినను 1976వ సంవత్సరమున పారిసులో జరిగిన యొక పరీక్షను గూర్చి చదివిననాఁటినుండి యా కథ నన్ను విడువకున్నది. ఏలయో కడపటఁ జెప్పెదను.

ఈ పానీయము మన పూర్వు లెఱుఁగనిది కాదు. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని విధులు చెప్పుచు, ద్రాక్షరసముతోఁ జేసినది మధువనియు, అది పుట్టిన దేశమును బట్టి కాపిశాయనము, హారహూరకము అని వ్యవహరింపఁబడుననియు వ్రాసెను. కాపిశి యనునది నేఁటి కాబూలునకు ఉత్తరమున నుండిన పట్టణము. పాణిని యా యూరిపేరినుండి కాపిశాయన శబ్దమును సాధించుటకుఁ బ్రత్యేకముగా నొక సూత్రమే రచించెను. ఊరిపేరుతో సరకును మెచ్చుకొను వాడుక యెంత ప్రాఁతదో చూడుఁడు! బందరు లడ్డన్నను వెంకటగిరి చీరయన్నను మనము చేయుచున్నదియు నదియే గదా.

ఈ వాడుకను ఫ్రాన్సు దేశీయులు శాస్త్రముగాఁ జేసిరి. 1855లో పారిసున జరిగిన గొప్ప ప్రదర్శనమునకై బోర్డో సీమలోని యెఱ్ఱ ఆసవములను వర్తకులు ఐదు శ్రేణులుగా విభజించిరి. నాఁడు వారు చూచినది ముఖ్యముగా బజారుధర. ఆ పట్టిక పిమ్మట శాసనమువలె నిలిచిపోయెను. రెండవ శ్రేణిలోనున్న మూతోఁ రోత్‌షీల్డ్ తోఁట మొదటి శ్రేణి కెక్కుటకు 118 ఏండ్లు పట్టి, 1973లో గాని యా గౌరవము దక్కలేదు.

అమెరికా ఖండమందలి కాలిఫోర్నియా సంగతి వేఱు. అచ్చట 1920 మొదలు 1933 వఱకు దేశమంతట మద్యనిషేధ ముండుటచే ఆసవము చేయువారు పలువురు చెడిపోయిరి. పిమ్మట మెల్లమెల్లగాఁ గోలుకొనిరి. నాపా యను లోయలోఁ దోఁటలు పెట్టినవారిలోఁ జిత్రమైన మనుష్యు లుండిరి. వారిలో నొకఁడు వారెన్ వినియార్‌స్కీ. చికాగో విశ్వవిద్యాలయమునఁ బాఠములు చెప్పుట మాని ద్రాక్షతోఁటకు వచ్చెను. మఱియొకఁడు మైక్ గర్గిచ్. క్రొయేషియాలోఁ బుట్టి, 1958లో నాపాకుఁ జేరెను. వీరి పేరులు పారిసులో నడిగిన నెఱిఁగినవా రరుదు.

పారిసులో స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయుఁ డొకఁడు ఆసవముల యంగడి నడుపుచుండెను. అమెరికా స్వతంత్రమై 200 ఏండ్లు నిండు సందర్భమున, కాలిఫోర్నియా సరకును ఫ్రెంచి నిపుణులకు రుచి చూపవలెనని తోఁటి యుద్యోగిని పట్రీషియా గల్లఘర్‌తోఁ గలిసి యతఁడు సంకల్పించెను. కాలిఫోర్నియావి మాత్రమే యిచ్చినచో నిపుణులు మర్యాదకు రెండు మంచిమాటలు చెప్పి పోవుదురని తోఁచి, ఫ్రాన్సువారి మేటి యాసవములను గూడ వానిలోఁ గలిపి, పేరులు కనఁబడకుండ చేసెను. తెల్లనివి పది, ఎఱ్ఱనివి పది. ప్రతి పదింటిలోను కాలిఫోర్నియావి ఆఱు, ఫ్రాన్సువి నాలుగు.

1976 మే 24వ తేదీన తొమ్మండుగురు ఫ్రెంచి నిపుణులు కూర్చుండిరి. వారు సామాన్యులు కారు. ఒకరు పేరుపడ్డ పత్రికకు సంపాదకురాలు, ఒకరు బర్గండీలోని మహోన్నతమైన తోఁటకు యజమాని, ఒకరు గొప్ప భోజనశాల నడపు పాకశాస్త్రవేత్త. ఒక్కొక్క యాసవమునకు 20 మార్కులు. ఒక నిపుణుఁడు పాత్ర పెదవి కానించి, ఇదిగో మరల ఫ్రాన్సునకు వచ్చితిమని సంతోషించెనఁట. అతఁడు త్రాగినది నాపా లోయలోనిది. మఱియొకరు బర్గండీ సీమ యాసవమును వాసన చూచి, ఇది నిశ్చయముగా కాలిఫోర్నియాదని త్రోసివేసిరఁట!

తెల్లనివానిలోఁ బ్రథమస్థానము గర్గిచ్ చేసిన షాతో మాంటెలీనా 1973కు 132 మార్కులతో వచ్చెను. 126½ మార్కులతో బర్గండీ ఆసవము రెండవదయ్యెను. ఈ ఫలితమును స్పరియర్ నడుమనే చదివి వినిపించెను. అందుచే నెఱ్ఱనివి రుచి చూచునప్పుడు నిపుణులు మెలఁకువతో నుండి, అమెరికావానిని పట్టుకొన యత్నించిరి. అయినను మొదటిది వినియార్‌స్కీగారి స్టాగ్స్ లీప్ 1973. 180కి 127½. ఆ తీఁగెలు నాటి మూఁడేండ్లే. ఇంతకు ముందు చెప్పిన మూతోఁకు 126 వచ్చినది.

న్యాయము చెప్పవలసినచో ఒకటిన్నర మార్కు భేదము భేదమే కాదు. దానినిబట్టి యిది గొప్ప, అది తక్కువ యనుట బడిపంతులకు సైతము తగదు. ఆ పరీక్ష తేల్చినది జయాపజయములను గాదు. పేరు తెలియనప్పుడు నిపుణుని నాలుకకుఁ గూడ దేశము తెలియదని తేల్చినది. కావ్యములకు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకమని రుచులు నిర్ణయించు మనము, కవి పేరు తెలియకున్న నెన్నింటి పాకము చెప్పఁగలమో?

ఫ్రెంచి యెఱ్ఱ ఆసవములు ఇంకను పక్వము కాలేదని, ఏండ్లు గడిచినచో వానిదే పైచేయి యని కొందఱనిరి. మాట సబబైనదే. కాని 2006 మే 24న లండనులోను నాపాలోను ఆ యెఱ్ఱనివానినే మరల రుచి చూడఁగా, మొదటి యైదు స్థానములు కాలిఫోర్నియావే యయ్యెను. మునుపు ఐదవదైన రిడ్జ్ మాంటె బెల్లో 1971 ప్రథమ మాయెను.

ఇందులో వేడుక యేమనఁగా, పందొమ్మిదవ శతాబ్దమున అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా యను పురుగు ఫ్రాన్సు తోఁటల వేళ్లను తినివేసినప్పుడు, అమెరికా తీఁగెల మొదళ్లపై ఫ్రెంచి కొమ్మల నంటుకట్టియే వానిని బ్రతికించుకొనిరి. అనఁగా కుల మెంచిన తోఁటలకును వేరు పరాయిదే.

నాఁటి నిపుణులలో నొదెత్ కాన్ అను సంపాదకురాలు, ఫలితము వినఁగానే తన మార్కుల కాగితము తనకుఁ దిరిగి యిమ్మని యడిగెను. స్పరియర్ ఇయ్యలేదు. ఆ సన్నివేశమునొద్దనే నా కథ యున్నది.

నేను కొల్వులోఁ జేరిన నూతనమున, తరగతిలో కూలివాని కొడు కొకఁడు వెనుకబల్లపైఁ గూర్చుండెడివాఁడు. పద్యమునకు భావము వ్రాసినపుడెల్ల వానికి 35 మార్కు లిచ్చుచుంటిని. ఊరి పెద్ద కొడుకునకు 70. ఒక యేఁడు మా ప్రధానోపాధ్యాయులు పేరులు చించి సంఖ్యలు వేసిన కాగితముల నిచ్చిరి. అందొకదానిపై నాకు మక్కువ కలిగి 82 వేసితిని. ఊరి పెద్ద కొడుకుదే యనుకొంటిని. పట్టిక విప్పఁగా వెనుకబల్లవానిది. చేతివ్రాత యేల గుర్తుపట్టలేదని మీ రడుగవచ్చును. వాని కాగితమును గుర్తుండునంత శ్రద్ధతో నే నెన్నఁడును జూచి యుండలేదు.

పాత కాగితములు తీసి చదివితిని. అవియు నంత బాగుగానే యున్నవి. ఆ మార్కులను దిద్దవలెనని ప్రధానోపాధ్యాయులకడ కేఁగితిని గాని, ఆ పుస్తక మప్పటికే పై యధికారులకుఁ బోయెను. వాఁడును బడి మాని పొరుగూరి యిటుకబట్టీలోఁ గుదిరెను. నేను పోయి పిలుచుకొని వచ్చితిని. రెండు మాసములు వచ్చి, మరల మానెను.