బొమ్మ నోరూ, బొమ్మ చెయ్యీ

మాటకీ చేతికీ పొత్తు కుదర్చడం కంప్యూటర్ వాళ్ళ తలనొప్పి అనుకుంటాం గానీ, మన తోలుబొమ్మలాట వాళ్ళకది తరాల నాటి వృత్తి. (నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే.) తెర వెనక బొమ్మని ఆడించేవాడే పాడతాడు, సంభాషణ చెప్తాడు, కాలికింద చెక్కని తొక్కి యుద్ధం చప్పుడూ చేస్తాడు. గొంతూ చెయ్యీ ఒక్క మనిషివే. ఇక రావణుడి చెయ్యి మాటకంటే వెనకబడుతుందా?

కంప్యూటర్ ఈ రెంటినీ విడదీసింది. 1994లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జస్టీన్ కాసెల్ బృందం ఒక బ్యాంకు గుమాస్తా బొమ్మనీ, ఖాతాదారు బొమ్మనీ మాట్లాడించింది. మాటలు, గొంతు ఎత్తుపల్లాలు, చేతులు అన్నీ ప్రోగ్రామే నిర్ణయించింది. 2001లో అదే కాసెల్ ఎమ్‌ఐటీలో ఉండగా వచ్చిన 'బీట్' ఇంకో అడుగు వేసింది. వాక్యం ఇస్తే చాలు, అందులో కొత్త విషయం ఎక్కడుందో చూసి అక్కడ సైగ పెడుతుంది. ఏ పదం ఏ క్షణాన పలుకుతుందో గొంతు ఇంజన్‌ని అడిగి చెయ్యి కదుపుతుంది.

డేవిడ్ మెక్‌నీల్ 1992లో రాసిన సూత్రం ఒకటుంది: సైగలో అసలు విసురు, నొక్కి పలికే అక్షరానికి ముందైనా రావాలి, దాంతోపాటైనా రావాలి, వెనక రాకూడదు. అంటే చెయ్యి లేవడం ఇంకా ముందే మొదలవ్వాలన్నమాట!

నన్నడిగితే తెలుగుకి అసలు చిక్కు ఇక్కడే. "తుక్కుగూడ దాటాక కుడివైపు తిరగండి" అంటాం మనం. ఇంగ్లీషులో 'కుడివైపు తిరగండి' ముందొస్తుంది, ఊరిపేరు తర్వాత. ఇంగ్లీషు బొమ్మకి తెలుగు గొంతు అతికించారనుకోండి, "తుక్కుగూడ" అనేసరికే చెయ్యి కుడికి తిరిగిపోతుంది. చూసేవాడు మా తుక్కుగూడే కుడివైపుందనుకుంటాడు.